నాకన్నా వెనక ఒకరు

"వ్యాన్‌లో కిటికీ పక్క సీటు నీకే ఉంచమన్నానక్కా," అని నవ్వి, చెల్లెలు పెడల్ మీద లేచి నిలబడి తుర్రుమంది.

జట్టంతా ఆమె వెంటే సరుగుడు చెట్ల మధ్య మాయమైపోయింది.

అక్క ఒక్కతే మిగిలింది.

ఊళ్లో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ ఆ కాళ్లకు ఉన్నచోటే ఉండి తొక్కడం అలవాటు. ముందుకు కదిలే చక్రాలు మాత్రం ఈ మధ్యే పరిచయం. యాభై దాటాక సైకిల్ నేర్చుకుంటానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. "పడితే ఇంటివైపు పడు, మోసుకురావడం తేలిక," అన్నాడు భర్త.

ఈ సముద్రతీర యాత్రలో అందరి వెనకా ఒక వ్యాన్ వస్తుంది. తొక్కలేనివాళ్లను సైకిల్‌తో సహా ఎక్కించుకుంటుంది. దాని చప్పుడు అప్పుడే వీపుకు తగులుతోంది.

ఎక్కేస్తే పోలా అనిపించింది. ఎక్కితే జన్మలో మళ్లీ సైకిల్ ముట్టుకోనని కూడా ఆమెకు తెలుసు.

అంతలో వెనక ఎవరో దగ్గారు.

తల తిప్పి చూసింది. నెరిసిన గడ్డం, వెలిసిన టోపీ, కొంగకాళ్లు. ఒకాయన సైకిల్ దిగి టైరు నొక్కి చూసుకుంటున్నాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తనకన్నా వెనక ఒకరున్నారు.

"ఏమైందండీ?"

"గాలి తగ్గినట్టుందమ్మా. మీరు పదండి, నా కోసం ఆగొద్దు."

"ఆగితే అరిగిపోతానా? నింపుకోండి, ఉంటాను."

అక్కడి నుంచి ఇద్దరూ కలిసే సాగారు. ఆమె ముందు, ఆయన వెనక.

కొంగాయన అని మనసులోనే పేరు పెట్టేసింది. ఆయనతో వచ్చిన చిక్కల్లా మాటిమాటికీ ఆగడం. ఓసారి బూటు ముడి ఊడేది. ఓసారి దాహం వేసేది. ఓసారి టోపీ ఎగిరిపోయేది. ఆగిన ప్రతిచోటా ఆమె "పాపం" అనుకుంటూ తనూ కాస్త ఊపిరి పీల్చుకునేది.

అడవి దాటితే చిత్తడి నేల. దాని మీదుగా చెక్కల బాట. మధ్యలో ఆయన మళ్లీ ఆగాడు.

"ఈసారేంటండీ?"

"అటు చూడండమ్మా."

రెల్లు మధ్య నుంచి తెల్లటి పక్షుల గుంపు ఒక్కసారిగా లేచింది. ఉతికిన దుప్పటి ఎవరో ఆకాశంలోకి దులిపినట్టు. ఆమె నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

"మా చెల్లి వీటిని చూసే ఉండదు. బాణంలా పోయుంటుంది."

"ముందు పోయేవాళ్లకు ముందున్నవాడి వీపే కనిపిస్తుందమ్మా," అన్నాడాయన.

వ్యాన్ డ్రైవర్ పక్క రోడ్డు మీద నుంచి కేకేశాడు. "టైలరమ్మగారూ, ఎక్కుతారా?"

ఆమె కాళ్లు అవునన్నాయి. నోరు మాత్రం ఇంకోమాట అంది.

"నేనెక్కితే ఈయన ఒంటరైపోతారు నాయనా. నువ్వు నిదానంగా రా."

ఇక పెద్దరికం మీద పడింది కదా, సలహాలు మొదలుపెట్టింది. "మీరు కాళ్లు ఊరికే విసిరేస్తున్నారండీ. మిషన్ తొక్కినట్టు తొక్కాలి. బలం వద్దు, లయ తప్పకూడదు."

ఆయన బుద్ధిగా అలాగే తొక్కాడు.

"బాగుందమ్మా. నాకిలా ఎవరూ చెప్పలేదు."

ఆమె ముఖం మతాబులా వెలిగింది.

చివరికి సముద్రం వచ్చింది. అలలు తడిపి గట్టిపరచిన ఇసుక మీద దారి బాగానే ఉంది. ఎదురుగాలే మనిషిని వెనక్కి తోస్తోంది. ఆమె హ్యాండిల్ వణికింది.

"ఈ కాస్త దూరం నేను ముందుంటానమ్మా. ఎదురుగా ఎవరి వీపైనా ఉంటే నాకు కళ్లు తిరుగుతాయి."

"ఇంతసేపూ నా వీపేగా చూశారు?"

"అందుకే తిరుగుతున్నాయి."

ఆమె పకపకా నవ్వి దారిచ్చింది. ఆయన వెనక చేరేసరికి గాలి ఎటు పోయిందో తెలియలేదు. అలలు వచ్చి చక్రాలు కడిగి వెళ్తున్నాయి. నోటికొచ్చిన పాటేదో పాడుకుంటూ, ఆమె ఒళ్లు మరచి తొక్కింది.

గుడారాలు కనిపించగానే ఆయన పక్కకు ఆగిపోయాడు.

"బూట్లో ఇసుక పడిందమ్మా. మీరు పదండి."

చప్పట్ల మధ్య ఆమె సైకిల్ మీదే గుడారాల దాకా వెళ్లి దిగింది. చెల్లెలు కళ్లప్పగించి చూసింది.

"వ్యాన్‌లో రాలేదా అక్కా?"

"ఎలా వస్తానే? నా వెనక ఇంకొకాయన ఉన్నారు. దగ్గరుండి తీసుకొచ్చాను."

తను తినకుండా ఆయనకు కూడా ఒక ప్లేటు వడ్డించి పెట్టి కూర్చుంది. కాసేపటికి వ్యాన్ వచ్చింది. ఖాళీగా.

"కొంగాయన ఏరీ?" అంది ప్లేటు పట్టుకుని లేచి.

"వెళ్లిపోయారమ్మా. రేపు పొద్దున్నే పనుందట. ఇంత హాయిగా ఏ ఏడూ తొక్కలేదని మీకు చెప్పమన్నారు."

"అయ్యో, పేరన్నా అడగలేదు. పొద్దువాలుతోంది, ఆ కాళ్లేసుకుని ఎంత దూరమని తొక్కుతారు, పాపం?"

డ్రైవర్ నవ్వాపుకుంటూ ఆమె చేతిలోని ప్లేటు అందుకున్నాడు.

"ఎంత దూరమైనా తొక్కుతారమ్మా. మన దేశ జట్టుకు సైకిల్ పందేలు నేర్పే గురువాయన. ఏడాదంతా కుర్రాళ్లను ముందుకు తరిమి తరిమి, సెలవు పెట్టుకుని మరీ ఇలా అందరికన్నా ఆఖరున ఉన్నవాళ్ల వెనక తొక్కడానికి వస్తారు."