తెగని సిగ్నల్

పిల్లల వార్డు సూపర్‌వైజర్ కాగితాలు ఆయమ్మ మొహాన విసిరాడు.

"నిన్న నలభై నిమిషాలు నీ ట్యాగ్‌కి సిగ్నల్ లేదు. వార్డు వదిలేసి ఎక్కడ ఊరేగావు?"

"ఎక్కడికీ పోలేదు బాబూ. ఇక్కడే ఉన్నాను."

"మెషీన్ అబద్ధం చెప్తుందా? నా చార్టు చూడు. నేనూ మెడలో అదే ట్యాగ్ వేసుకుంటాను. మూడేళ్ళలో ఒక్క నిమిషం తెగలేదు. పనిదొంగలు నాకొద్దు, రేపట్నుంచి రాకు!"

సిబ్బంది ఎవరెక్కడున్నారో స్క్రీన్ మీద చుక్కల్లో చూపించే ఆ ట్యాగులు అమర్చింది నేనే. ఎవరి ఒంటి మీదా వేసి చూడకుండా బల్ల మీద పెట్టి, పచ్చలైటు చూసి, అన్నీ బ్రహ్మాండం అని సంతకం గీకిన ఘనుణ్ణీ నేనే. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"నిన్న ఆ టైములో ఏం చేస్తున్నారు ఆయమ్మా?"

"ఈ మూడో మంచం పాప సూది చూసి ఒకటే ఏడుపు. ఎత్తుకుని తిప్పాను. దింపితే ఊరుకోలేదు."

"ఇప్పుడోసారి ఎత్తుకోండి."

ఆమె పాపను గుండెకు హత్తుకుంది. ట్యాగ్ ఇద్దరి మధ్యా నొక్కుకుపోయింది. స్క్రీన్ మీద ఆమె చుక్క ఆరిపోయింది. దింపగానే మళ్ళీ వెలిగింది.

"చూశారా సార్? మనిషి ఒంట్లో ఉన్నదంతా నీళ్ళే, సిగ్నల్‌ని మింగేస్తాయి. రెండు ఒళ్ళ మధ్య యాంటెన్నా ఇరుక్కుంటే ఇంక అంతే. బిడ్డని ఎత్తుకున్నప్పుడల్లా తెగుతుంది. తిట్టాలంటే నన్ను తిట్టండి!"



ఆయమ్మ తన మెడలోని ట్యాగ్ తెంపి సూపర్‌వైజర్ చార్టు మీదికి విసిరికొట్టింది.

"మూడేళ్ళలో ఒక్క బిడ్డనైనా ఎత్తుకోలేదా బాబూ నువ్వు?"