ఏడుంపావు ఫోన్

ఆ సాయంత్రం కూడా సరిగ్గా ఏడుంపావుకే ఇంటర్నెట్ తెగిపోయింది.

వెంటనే ఫోన్ మోగింది.

"నువ్వే తియ్యమ్మా, నాకు భయం," అంది కూతురు రాజశ్రీ కంప్యూటర్ ముందు నుంచి.

కనకలత రిసీవర్ ఎత్తింది. "హలో?"

అవతల దూరంగా బజారు రొద. తరవాత టక్, టక్. గోటితో ఎవరో రెండుసార్లు కొట్టినట్టు. అంతే, పెట్టేశారు.

"ఎవరమ్మా?" లోపల మంచం మీంచి అడిగాడు మామగారు గోవిందరావు.

"రాంగ్ నంబర్ మావయ్యా."

ఆయనకి గుండె జబ్బు. ఆ డాక్టరు సర్టిఫికెట్ పెట్టే మార్చిలో ఈ ఫోన్ తొందరగా తెచ్చుకున్నారు. ఆయనకి భయం పుట్టించే మాట చెప్పకూడదు.

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. మోడెం మార్చారు. కొత్త వైరు వేశారు. పక్క గదిలో రెండో ఫోన్ పీకేశారు. నెట్ మాత్రం రోజూ అదే వేళకి తెగుతోంది.

మర్నాడు కంప్యూటర్ షాపు రమాకాంత్ వచ్చి అంతా చూశాడు. ఆ హిందీ ఊళ్ళో తెలుగువాళ్ళు కూడా అక్కని దీదీ అనే అంటారు.

"మోడెంది తప్పు కాదు దీదీ. మీ ఫోన్‌కి కాల్ వెయిటింగ్ ఉంది. నెట్ నడుస్తుండగా ఎవరైనా ఫోన్ చేస్తే నెట్ తెగిపోతుంది."

"అయితే కాల్ వెయిటింగ్ తీయించేస్తే?"

"నెట్ తెగదు. కానీ ఆ చేసేవాడు చేస్తూనే ఉంటాడు కదా."

రాత్రి సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చిన భర్త రవికాంత్ ఆ మాట విని అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"దొంగలే. ఇంట్లో ఎవరున్నారో చూసుకుంటన్నారు. ఆ వేళకి నేనుండను. ఫోనెత్తేది రోజూ ఆడగొంతే."

ఆ రాత్రి తలుపుకి లోపల్నుంచి కుర్చీ ఆనించి పడుకున్నారు.

నంబరు చూపించే డబ్బా కొని ఫోన్‌కి తగిలించారు. నంబరు దొరికింది. ఆరా తీస్తే, పవర్ హౌస్ బస్టాండు పక్కన ఒక పీసీఓ బూత్.

మర్నాడు రవికాంత్ సెలవు పెట్టాడు. భార్యాభర్తలిద్దరూ ఏడింటికే అక్కడ మాటు వేశారు.

ఏడుంపావుకి ఒక ముసలాయన వచ్చాడు. అంత ఉక్కలో కూడా మెడకి మఫ్లర్. డయల్ చేశాడు. విన్నాడు. రిసీవర్ మీద గోటితో రెండుసార్లు కొట్టి పెట్టేశాడు.

"వీడే!" అంది కనకలత.

రవికాంత్ ఆయన భుజం పట్టుకుని ఇవతలికి లాగాడు. "ఎవడ్రా నువ్వు? మా ఇంటికి ఎందుకు చేస్తన్నావు?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"సిగ్గు లేదూ? మనవరాలి వయసు పిల్ల ఉన్న ఇంటికి రోజూ ఫోనా?" అంది కనకలత. "మాట్లాడవేం? నోరు పడిపోయిందా?"

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాడు.

"ఏటి రాత్తావు? రాతకోతలు పోలీసుల దగ్గర!" రవికాంత్ పుస్తకం లాగేసుకున్నాడు.

అందులో ఇరవై దాకా ఫోన్ నంబర్లున్నాయి. ఒక్కొక్క నంబరు పక్కన తేదీలు, టిక్కులు. ఆరో వరసలో తమ నంబరు.

"ఇన్ని ఇళ్ళా!" అంది కనకలత.

ముసలాయన పుస్తకం కోసం చెయ్యి చాచాడు. తరవాత రెండు చేతులూ జోడించాడు. జనం మూగారు. ఎవరో ఆయన్ని తోసేశారు. మఫ్లర్ సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఫోన్ రాలేదు. నెట్ తెగలేదు. పోలీసు థానాలో ఇద్దామనుకున్న పుస్తకం బీరువాలోనే ఉండిపోయింది. పరీక్షలు దగ్గరపడి రాజశ్రీ కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, వాన హోరులో, మామగారు గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

కనకలత పరిగెత్తి రిసీవర్ ఎత్తింది. చప్పుడే లేదు. మీట నొక్కి చూసింది. మళ్ళీ. ప్రాణం లేని ఫోన్.

చెప్పుల్లేకుండా వానలో రోడ్డు మీదికి ఉరికింది. చాలాసేపటికి ఒక ఆటో కనిపించింది. అందులో ఉన్న ముగ్గురూ ఒక్క ప్రశ్న వెయ్యకుండా వానలోకి దిగిపోయారు.

"పావుగంట ముందు తెచ్చి ఉంటే..." అన్నాడు డాక్టరు.

నాలుగో రోజు సాయంత్రం లైన్‌మన్ ఆంజి వచ్చి ఫోన్ బాగుచేశాడు.

"కేబుల్ జాయింట్లోకి నీల్లెల్లిపోయాయి దీదీ. లైను సచ్చి వారం దాటింది. ఎవులూ సూసుకోలేదేటి?"

కనకలత ఖాళీ మంచం వైపు చూసింది.

అప్పుడే ఫోన్ మోగింది. గోడ గడియారంలో ఏడుంపావు.

ఆమె వెనక్కి జరిగింది. "తియ్యకు! వాడే!"

ఆంజి అప్పటికే ఎత్తాడు. "సార్, ఆంజిని. లైను వచ్చీసింది సార్." విని, నవ్వి, పెట్టేశాడు.

"ఎవరది?"

"మా త్రినాథరావు సార్ దీదీ. లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. జబ్బుమనుషులున్న ఇల్ల నంబర్లు మా సేత రాయించుకుని, వానాకాలమంతా రోజూ ఫోన్ సేత్తారు, లైను బతికుందో లేదోనని. ఎవులూ ఎత్తకపోతే ఆ నంబరు కాగితమ్మీద రాసి అట్టుకొచ్చి, మమ్మల్ని లేపీదాకా కదలరు. ఈ ఏడేటో పుస్తకం పోగొట్టుకున్నారట. ఇయాల మీ ఇంటికొత్తన్నానని నేనే నంబరిచ్చాను."

కనకలత బీరువా తెరిచింది. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆరో వరసలో టిక్కులు జూన్‌లోనే ఆగిపోయి ఉన్నాయి.

"మరి మేం అంతమందిలో అన్నేసి మాటలంటే... ఒక్క మాటైనా చెప్పలేదేం ఆంజీ?"

ఆంజి పుస్తకం వైపు, ఆమె వైపు చూశాడు. మెల్లగా తన గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు.

"కేన్సరొచ్చి గొంతు తీసీసి నాలుగేల్లయింది దీదీ... ఆ టక్ టక్ అన్నదే ఆయన 'జాగ్రత్తమ్మా' అనడం."