గాజుపోగు

"మోడెమ్ మీద ఎర్ర దీపం పోవట్లేదేంటన్నా?" అంది సాల్కిన్.

"కొత్త పెళ్ళికూతురు కదమ్మా, సిగ్గుపడుతోంది," అన్నాను ప్లగ్గు పీకి పెడుతూ. ఊళ్ళో ఇంటర్నెట్ బాగుచేసేది నేనే.

మంచు పడి కనుమ దారి మూసుకుపోయింది. అవతలున్న పుట్టింటిని మధ్యాహ్నంలోగా ఫోన్లోనైనా చూడాలట.

"మీవాళ్ళు పారిపోరులే!"

"నీ కాళ్ళు పట్టుకుంటా, త్వరగా కానీ!"

తీగ వెంట వెతికాను. మిగిలిన తీగను మెలిపెట్టి, బొంతల దొంతర కింద అణిచిపెట్టింది మహాతల్లి. లోపలుండేది గాజుపోగు. మడతపడితే వెలుగు దాటదు.

"గొర్రెను కట్టే తాడనుకున్నావా?" అంటూ నలిగిన ముక్క కోసేసి, కొత్త కొస బిగించాను. పచ్చ దీపం వెలిగింది.

ఫోన్లో వాకిలి నిండా జనం.

"ఇక తనివితీరా చూసుకో," అన్నాను.

సాల్కిన్ తలకు నల్ల రుమాలు కట్టుకుని, ఫోనుకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. "నాన్నా, నా కొండా..." అని రాగం తీసింది. మా కొండల్లో ఆడవాళ్ళు శవం లేచేలోపు అలాగే గోడకేసి తిరిగి ఏడుస్తారు.

మగవాడు చావింట్లోకి బిగ్గరగా ఏడుస్తూ రావాలి. నేను ఈల వేసుకుంటూ వచ్చాను.

బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళాను. "అయ్యో, పెద్దాయనా!" అని గుమ్మం నుంచే ఏడుస్తూ మళ్ళీ లోపలికి వచ్చాను.