మధ్య తీగ మోగకూడదు

మధ్య తీగ మళ్లీ మోగింది.

“ఆపరా! దాని నోరు ముయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” దేవదాసు గిటారు మీద చరిచాడు.

ఇశ్రాయేలు పళ్లు బిగబట్టి మళ్లీ మొదలుపెట్టాడు. బొటనవేలు కాక, అతని ఎడమచేతికి మిగిలినవి రెండే వేళ్లు. మిగతావి నిరుడు పిడుగురాళ్ల దగ్గర రాతి క్వారీలో పోయాయి. అక్కడ రాయి పగలడానికి మందు తూటా పేల్చేముందు మూడు కేకలు వేస్తారు. మూడో కేకకల్లా గుంతలో మనిషన్నవాడు ఉండకూడదు. ఇశ్రాయేలు ఉన్నాడు. “కేక విన్నా పరిగెత్తలేదు, తప్పు నాదే” అని విచారణలో తనే ఒప్పుకున్నాడు. ఇంకేం, క్వారీ వాళ్లు పైసా ఇవ్వలేదు.

ఇక సమ్మెట పట్టే రాత లేదు. కరుణమ్మ కూలికి వెళితేనే ఆ మొగుడూ పెళ్లాలకూ ఇద్దరు పిల్లలకూ నాలుగు మెతుకులు. ఇప్పుడు రెంటచింతలలో ఒక మిషన్ బడికి పాటల మాస్టరు కావాలట. ఆదివారం పరీక్ష. ఆ ఉద్యోగం వస్తే బతుకు. రాకపోతే ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

తీగలన్నీ కలిపి వాయించాలంటే రెండు వేళ్లు చాలవు. అందుకే దేవదాసు అడ్డదారి వెతికాడు. ఒక స్వరం, దానికి ఆరో స్వరం. ‘స’కి ‘ధ’, ‘రి’కి ‘ని’. జంటగా రెండే తీగల మీద పలికించాలి. చిన్నప్పుడు అతనికి ఈ విద్య నేర్పిన మిషన్ దొర వీటిని సిక్స్త్‌లు అనేవాడు. చిక్కల్లా ఆ రెండు తీగల మధ్య ఉన్న తీగతోనే. వేలి పక్కతో దాన్ని తాకి ఊరుకోబెట్టాలి. అది కాస్త పలికిందా, అంతా గోలే.

“మామా, మనిషిని చంపుతావా ఏంది? ఆ వేళ్లు చూడు, నెత్తురు కారతా ఉంది” అంది కరుణమ్మ.

“కారనీ. ఆదివారం పోయినాక కట్టు కడుదువులే.”

దేవదాసు చుట్టం కాదు. క్వారీలో కలిసి పనిచేసినవాడు, అంతే. అయినా మూడు నెలలుగా రోజూ గిటారు భుజాన వేసుకుని రెండు మైళ్లు నడిచి వస్తున్నాడు. కాఫీ నీళ్లు కూడా ముట్టడు. తిట్లకు మాత్రం లోటు చెయ్యడు. ఇదెక్కడి మనిషమ్మా అని కరుణమ్మకు విసుగు.

శనివారం ఇశ్రాయేలు గిటారు పక్కన పడేశాడు.

“నావల్ల కాదు మామా. నీకెందుకీ తిప్పలు? ఇంటికి పో.”

దేవదాసు ముఖం తెల్లబోయింది. “నువ్వొదిలినా నేనొదలనురా. పట్టు” అన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక బడి వరండాలో ఆ బడి నడిపే దొరసానమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. మాచర్ల నుంచి ఒకడు, గురజాల నుంచి ఒకడు వచ్చారు. ఇద్దరూ తీగలన్నీ ఝుమ్మనిపించారు. మూడోవాడు ఇశ్రాయేలు. ఆ చెయ్యి చూసి ఎవరో కిసుక్కున నవ్వారు.

దేవదాసు బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

మొదటి జంట శుభ్రంగా పలికింది. రెండోది పలికింది. మూడోదానికి మధ్య తీగ జుయ్‌మంది. అయిపోయింది, కొంప మునిగింది అనుకుని దేవదాసు కళ్లు మూసుకున్నాడు. ఇశ్రాయేలు ఆగలేదు. వేలు కాస్త వాల్చి ముందుకు వెళ్లాడు. ఆ పైన అక్కా చెల్లెలూ కలిసి పాడినట్టు రెండు గొంతులే వినిపించాయి. పాట అయ్యేదాకా ఇందాక నవ్వినవాళ్లు కూడా మెడ చాచి విన్నారు.

“రేపటి నుంచి రా” అంది దొరసానమ్మ.

ఇశ్రాయేలు బయటికి వచ్చేసరికి దేవదాసు గోడవారన చతికిలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

“ఒరేయ్, నీకొకటి చెప్పాలిరా. సంవత్సరం నుంచి తిన్న కూడు ఒంటికి పట్టట్లా. ఆ రోజు...”

ఇశ్రాయేలు పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“మూడో కేక నువ్వు వెయ్యలేదని నాకు ఆ రోజే తెలుసు మామా, నిన్ను జైలుకు పంపటం ఇష్టంలేకే తప్పు నాదని చెప్పుకున్నా.”