బూడిద చల్లిన చిక్కుడు పాదు

డాబాల మీద యంత్రపు ఈగలు కాపలాకొచ్చి పన్నెండేళ్లయింది. చీడపురుగులతో మొదలుపెట్టి తేనెటీగల దాకా దేన్నీ బతకనివ్వలేదు. ఇప్పుడు గుమ్మడిపూలకి పుప్పొడి కూడా లాస్యే కుంచెతో అద్దుకోవాలి.

పుష్యమాసపు చలిలో ఒకరోజు చిక్కుడు లేతకొమ్మ మీద నల్లగా పేనుబంక పురుగులు కనిపించాయి. పన్నెండేళ్లలో లాస్య చూసిన మొదటి పురుగులవి. యంత్రాల కంట పడకుండా కొమ్మకి పాత చీరముక్క చుట్టింది. పేను ఉంటే దాని తీపి జిగురు కోసం చీమలొస్తాయి, దాన్ని తినే అక్షింతల పురుగులొస్తాయి, ఒకదాని వెనక ఒకటి అన్నీ తిరిగి వస్తాయనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆరోరోజు పొద్దున్నే పైకి వెళ్లేసరికి చీరముక్క కింద పడి ఉంది. మంచుకి తడిసిన ఆకులన్నీ బూడిదతో తెల్లబడ్డాయి. పక్కనే అత్తగారు మాధురమ్మ, చేతిలో ఏనాటిదో బూడిద డబ్బాతో నిలబడి ఉంది.

"చిక్కుడుకి పేను పట్టిందే అమ్మాయ్. గుడ్డ చుడితే పోతుందా? మంచు ఆరకముందే బూడిద చల్లాలని మా అమ్మ చెప్పేది. ఇన్నేళ్లకి నా చేతికో పని దొరికింది."

లాస్య ప్రతి ఆకూ తిరగేసి చూసింది. ఒక్క పేనూ కదల్లేదు.

"మంచి పని చేశారత్తయ్యా," అంది.

యంత్రపు ఈగ ఒకటి వచ్చి పాదు చుట్టూ తిరిగింది. చేయడానికేమీ లేక పక్క డాబాకి వెళ్లిపోయింది.