నడుస్తుండగానే చూడాలి

మేస్త్రి అబద్ధం ఆడాడు.

"ఇలాంటి ఇంజన్ ఎప్పుడైనా విప్పావా?" అని కారు యజమాని అడిగితే, తడుముకోకుండా "బోలెడు విప్పాను సార్" అన్నాడు.

నిజానికి పందేలకి పోయే కారుని అంత దగ్గరగా చూడటం అతనికి అదే మొదటిసారి.

మరేం చేస్తాడు పాపం? రెండు నెలలుగా షెడ్డులో పని లేదు. నెలాఖరుకి ఖాళీ చేసి వెళ్లమని షెడ్డు ఓనరు తెగేసి చెప్పాడు. కాపురం షెడ్డు వెనక గదిలోనే. షెడ్డు పోతే ఇల్లూ పోయినట్టే.

"సర్వీసు చేసి ఉంచు. సాయంత్రం ట్రాక్ మీద తోలి చూస్తా. బాగుందంటే నా ముప్పై వ్యాన్లూ ఇక నీ దగ్గరికే" అన్నాడు యజమాని.

కొత్తగా చేరిన డ్రైవర్ని కారు దగ్గర కూర్చోబెట్టి వెళ్లిపోయాడు.

మేస్త్రి పాత ఆయిల్ దించాడు. ఫిల్టర్ మార్చాడు. కొత్త ఆయిల్ పోసి, కాసేపు ఇంజన్ తిప్పి ఆపాడు. భోజనం చేసి తీరిగ్గా వచ్చి, ఆయిల్ ఎంతుందో తెలిపే గేజి పుల్ల లాగి చూశాడు.

పుల్ల కొసకి కూడా ఆయిల్ అంటలేదు.

పెద్ద ఇంజన్ కదా, ఎక్కువే తాగుతుందిలే అనుకుని ఇంకో డబ్బా మూత తీశాడు.

"పోయకండి బాబూ."

షెడ్డు ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, అరిగిపోయిన చెప్పులు. గోళ్లలో మచ్చుకైనా మసి లేదు.

"ఏం కావాలి తాతా?"

"నాకేం వద్దు. దీని ఆయిల్ ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. బాగా వేడెక్కాక. ఆపి చూస్తే తక్కువే కనపడుతుంది."

డ్రైవరు ఫోన్‌లోంచి తలెత్తి ఇటే చూస్తున్నాడు.

"ఆపే చూడాలని కారు తుడిచేవాడిక్కూడా తెలుసు" అన్నాడు మేస్త్రి, డ్రైవరుకి వినపడేలా.

"మామూలు కార్లకి అంతే బాబూ. వెనకటి ఇంజన్లయితే గరిటెతో చిమ్మినట్టు ఆయిల్ పైకి చిమ్ముకునేవి. తరవాత పంపు వచ్చింది, ఇంజన్ అడుగున చాంబర్‌లో ఉన్న ఆయిల్‌ని పైకి తోస్తుంది. దీనికి చాంబర్‌లో ఆయిల్ ఉంచరు. మలుపు తిరిగినప్పుడల్లా ఓ పక్కకి పోతుందని వేరే ట్యాంకులో పెడతారు. ఇంజన్ ఆగి కాసేపైతే ట్యాంకులోది మెల్లగా కిందికి జారిపోతుంది. మీరు చూసింది ట్యాంకుని. ఆయిలేమో లోపలుంది."

మాట సబబుగానే ఉంది. ఆ సంగతి మేస్త్రికీ తెలిసింది. కానీ ఇప్పుడు అవునంటే, బోలెడు విప్పానన్న మాట గంగలో కలుస్తుంది.

"ఇంతకీ ఇలాంటివి నువ్వెన్ని విప్పావేంటి?"

పెద్దాయన తల దించుకున్నాడు.

"ఒక్కటే."

డ్రైవరు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో మేస్త్రికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఒక్కదానికే ఇంత పాఠమా? నేను వంద చూశా. పనివేళ నా బుర్ర తినకు, నడువు."

"ఒక్క పది నిమిషాలు స్టార్ట్ చేసి చూడండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"నీక్కాదూ చెప్పేది?"

మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా లాక్కెళ్లి వదిలి వచ్చాడు.

భార్య గది గుమ్మంలోంచి గుసగుసగా అంది. "ఏమండీ, ఆయన చెప్పినట్టు ఒకసారి చూస్తే మన సొమ్మేం పోయింది?"

"డ్రైవరు చూస్తున్నాడే. నాకు తెలీదని ఇప్పుడు చాటింపు వెయ్యమంటావా?"

ఆమె ఊరుకుంది. ఆ ఒక్క పూటా గయ్యాళిగా ఎదురు తిరిగి ఉంటే ఎంత బాగుండేదో.

డబ్బా సాంతం ఒంపేశాడు. పుల్ల మీద ఆయిల్ గీత దాకా వచ్చింది. చూశావా అన్నట్టు డ్రైవరుకి చూపించాడు.

సాయంత్రం యజమాని ట్రాక్ మీదికి తీసుకెళ్లిన కారు తిరిగొచ్చింది, వ్యాన్ వెనక తాడు కట్టుకుని.

యజమాని అరవలేదు. అరిచినా బాగుండేది.

"ట్యాంకు పొంగింది. లోపలంతా నురగే. పంపు ఆ నురగనే తోసింది, బేరింగులకి ఆయిల్ అందలేదు. ఇంజన్ పట్టేసింది. వ్యాన్ల సంగతి ఇక మర్చిపో."

భార్య గోడకి ఆనుకుని కూలబడిపోయింది. "ఇక మనం ఎక్కడికి పోతామండీ" అంది, పరాయివాళ్లు ఉన్నారని కూడా చూడకుండా.

"ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సార్..." అన్నాడు మేస్త్రి ఎలాగో.

"బోలెడు విప్పానన్నావు కదా."



డ్రైవరు నసిగాడు. "మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి చెప్పాడు సార్, నడుస్తుండగా చూడమని. మేస్త్రి వెళ్లగొట్టాడు."

యజమాని చటుక్కున తిరిగాడు. "సన్నగా, కాస్త వంగి నడుస్తాడు. ఆయనేనా?"

"ఆయనే సార్" అన్నాడు మేస్త్రి. "ఎవరు సార్ ఆయన? కంపెనీ ఇంజనీరా?"

అవునంటే ఎంతో కొంత ఊరట. అంత చదువుకున్నవాడి ముందు తనబోటివాడు ఓడినా తప్పులేదు.

యజమాని తల అడ్డంగా ఊపాడు.

"ఇంజనీరు కాదు. ఈ కారు ఏ షెడ్డుకి వెళ్లినా వెతుక్కుంటూ వెళ్లి చెప్పి వస్తాడు. నేనేం పంపను, నా ముఖం కూడా చూడడు. నాలుగేళ్ల కిందట నీలాగే తనకి తెలుసని నాతో చెప్పి, దీని మొదటి ఇంజన్ ఇలాగే పాడుచేసి, షెడ్డూ సంసారమూ రెండూ పోగొట్టుకున్న మేస్త్రి ఆయన."