దొంగచెవుడు

"మల్లన్నా, నీ లుంగీ జారింది!"

వరుసలో ముందున్న మనిషి చెయ్యి చటుక్కున నడుము మీదికి పోయింది.

"దొరికిండు!" అరిచాడు వెనక నిలబడ్డ ఉపేందర్‌రావు. "చెవుడని వచ్చినోనికి లుంగీ ముచ్చట ఎట్ల వినబడ్డదిరా? నడువ్ ఇంటికి!"

మందమర్రిలో చెవి వైద్య శిబిరం. 1997.

వినపడదని డాక్టరు రాసిస్తే బొగ్గుబాయి పనికి 'అన్‌ఫిట్' కావచ్చు, ఆ ఉద్యోగం కొడుక్కి ఇప్పించుకోవచ్చు. అందుకే బాయిలో బొగ్గు తగ్గినా ఊళ్లో చెవుడు తగ్గడం లేదు.

బాయి ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి, ఇప్పుడు శిబిరంలో వరుస చూసుకుంటున్నవాడు ఉపేందర్‌రావు. ఆయన చెవిలో పువ్వు పెట్టాలంటే తోటమాలి కూడా భయపడాల్సిందే.

పైగా దొంగచెవుడంటే ఆయనకు ఒళ్లు మంట. ఇంట్లో ఉన్నది అసలు చెవుడు మరి!

భార్య జానకీబాయికి చెవి మిషన్ పెట్టినా రెండేళ్లుగా ఉరుము కూడా వినపడదు. మద్రాసులో ఆపరేషన్ చేసి చెవి లోపల యంత్రం అమరుస్తారని, మళ్లీ మాటలు వినొచ్చని డాక్టర్ ఇందిరాదేవి చెప్పింది. జానకీబాయి ససేమిరా అంది.

"తలకాయ కోపిచ్చుకొని బాగైనోళ్లను ఒక్కర్ని చూపియ్యిండ్రి. అప్పుడు పోత."

ఇవాళ ఆమెను తప్పకుండా తీసుకురమ్మని డాక్టరమ్మ కబురు పెట్టింది. కరీంనగర్ నుంచి డాక్టరమ్మ జీపు ఇంకా రాలేదు. జానకీబాయి బెంచీ మీద ఎదురుచూస్తోంది.

ఇంతలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వరుసలోకి వచ్చాడు.

"ఏం తక్లీబు, భాయ్‌సాబ్?" వెనకనుంచి మెల్లగా అడిగాడు ఉపేందర్‌రావు.

"చెవులు పోయినయ్ సాబ్. రెండూ బిల్కుల్ పోయినయ్."

"నేను గుసగుస పెడితే జవాబిస్తున్నవ్, చెవులు పోయినయా?"

"గదే చెప్తున్న, జర ఆగుండ్రి. డాక్టరమ్మ నన్ను..."

అప్పటికే ఉపేందర్‌రావు కన్ను తీగె మీద పడింది. టోపీ కిందినుంచి దిగి, చొక్కా జేబులోని చిన్న డబ్బాలోకి పోతోంది.

"వాక్‌మన్! పాటలు వినుకుంట చెవిటోళ్ల లైన్ల నిలబడ్డవా? సిగ్గుండాలె!"

తీగె పట్టి ఒక్క గుంజు గుంజాడు.

టోపీ పడింది. దాంతోపాటు తలకంటుకుని ఉన్న గుండ్రటి బిళ్ల ఒకటి ఊడి పడింది. తీగె తెగింది.

"పేరేంది?"

పెద్దమనిషి పలకలేదు. ఆయన కళ్లు ఉపేందర్‌రావు పెదాల మీదే ఉన్నాయి.

"ఏ ఊరు?"

పలకలేదు.

"చూసిండ్రా? తీగె గుంజంగనే వచ్చె చెవుడు! ఇది చెవుడు కాదు, చెడుగుడు!"

వరుసంతా పకపకా నవ్వింది. ఇంటికి పొమ్మన్నా కదలని మల్లన్న అందరికంటే గట్టిగా నవ్వాడు.

జానకీబాయి లేచివచ్చి భర్త చెయ్యి పట్టుకుంది.

"గాయినకు నిజంగ వినబడ్తలేదయ్యా. గా కండ్లు చూడు. నా కండ్లు గట్లనే ఉంటయ్."

"నీకేం ఎరుక, కూసో!" అని ఉపేందర్‌రావు చేత్తో సైగ చేశాడు.

పెద్దమనిషి వంగి బిళ్లను, తెగిన తీగెను ఏరుకున్నాడు. రుమాలులో మూటగట్టుకున్నాడు. బస్టాండు దిక్కు నడిచాడు.

గంట తర్వాత ఇందిరాదేవి జీపు దిగింది.

"ఉపేందర్‌రావు గారూ, ఫజలుద్దీన్ ఏరి? ఖానాపూర్ రైతు. టోపీ పెట్టుకుంటడు, జేబుల డబ్బా నుంచి తలకు తీగె ఉంటది. గా తీగె ఉంటెనే ఆయనకు వినబడుతది."

ఉపేందర్‌రావు బస్టాండు దిక్కు చూశాడు.

"బస్సెక్కి పోయిండమ్మా... ఎవలాయన?"

"పదకొండేండ్లు ఏ చప్పుడూ వినని మనిషి, పోయినేడు మద్రాసుల ఆపరేషన్ చేయించుకున్నడు. మీ ఆమెకు భయం పోవాలని, ఎదురుగ కూసొని ఆమెతోని మాట్లాడి చూపిస్తనని, వరికోత విడిచిపెట్టి వచ్చిండు."